బీపీ అడుగుతరు, షుగర్ అడుగుతరు.. గదొక్కటి అడుగరు

బెంగళూరుల ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ రోడ్డు పక్కన టెంటు ఏసుకున్న వైద్యునికి 48 లక్షల రూపాయలు పెట్టిండన్న వార్త 2025 నవంబర్‌ల మనందరి ఫోన్లల్లకు వచ్చింది. కొత్తగ పెండ్లయిన మనిషి. పడక కాడ ఇబ్బంది ఉంటే ముందుగాల దవాఖానకే పోయిండు. తర్వాత టెంటు కనవడ్డది. మందు గ్రాముల లెక్కన, లక్షల ధరకు అమ్మిన్రు. అప్పు జేసి మరీ కొన్నడు. ఆఖరికి కిడ్నీలు దెబ్బతిన్నయని పరీక్షల తేలినంక పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిండు.

ఈ వార్త చదివి నవ్వినోళ్లే ఎక్కువ. "గంత సదువుకున్నోడు గట్లెట్ల మోసపోయిండు" అని మా ఆఫీసులనే అన్నరు. నాకైతే నవ్వు రాలే. ఎందుకంటే మన ఊర్లల్ల ఈ బాధ పేరు బోర్డు మీద రాసి పిలిచేది టెంటోడు ఒక్కడే. దవాఖాన బోర్డు మీద గుండె ఉంటది, కండ్లు ఉంటయి, పండ్లు ఉంటయి, ఎముకలు ఉంటయి. మనిషి సిగ్గువడే బాధ మాత్రం ఉండదు. సిగ్గువడేటోడు తన బాధ పేరు కనవడ్డ కాడికే పోతడు.

హెల్త్ వార్తలు రాసుకుంట జిల్లాలు తిరుగుతుంట గనుక గోడల మీది రాతలు చదువుడు నాకు అలవాటైంది. బస్టాండ్ మూత్రశాలల, రైల్వే గేటు పక్క గోడలకు, కరెంటు స్తంభాలకు అవే మాటలు. అంగస్తంభన, శీఘ్రస్ఖలనం, నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, 'రహస్య వ్యాధులు', గ్యారంటీ వైద్యం. ఇంకో రకం టూర్ డాక్టర్లు. నెలల మొదటి ఆదివారం ఒక ఊరు, రెండో ఆదివారం ఇంకో ఊరు. ఫలానా లాడ్జి, ఫలానా రూం నంబర్, పొద్దుగాల తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాక. లాడ్జిల దిగి వైద్యం జేసే కంటి డాక్టర్‌ను గానీ గుండె డాక్టర్‌ను గానీ మనం ఎన్నడన్న చూసినమా? ఈ ఒక్క బాధకే లాడ్జి వైద్యం నడుస్తది. ఇప్పుడు గోడ పోయి ఫోన్ వచ్చింది. రాత్రి పదకొండు దాటితే వీడియోల మధ్యల అవే మందులు, అదే గ్యారంటీ.

వీటిని ఆపే చట్టం లేదా అంటే, డెబ్బై ఏండ్ల సంది ఉంది. 1954ల తెచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్‌ల, లైంగిక సుఖం కోసం శక్తి పెంచుతమని మందులకు ప్రకటనలు ఇచ్చుడు నేరమని సాఫ్‌సీదా రాసుంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాక జైలు, లేకుంటే జుర్మానా, లేకుంటే రెండూ. మళ్లా దొరికితే ఏడాది దాక. ఈ శిక్షలు చాలయని 2020ల కేంద్రం ఒక ముసాయిదా తయారుజేసింది. మొదటి తప్పుకే రెండేండ్ల జైలు, పది లక్షల జుర్మానా అన్నరు. అది ముసాయిదా కాన్నే ఉండిపోయింది. తప్పుడు ప్రకటనల మీద సుప్రీంకోర్టుల పెద్ద కేసు నడిచి, 2025 మార్చిల కోర్టు ఇంకో మాట చెప్పింది. ఇసుంటి ప్రకటనల మీద జనం ఫిర్యాదు చేసేటందుకు ప్రతి రాష్ట్రం రెండు నెలలల్ల ఒక ఏర్పాటు చెయ్యాలన్నది. మీ ఊరి బస్టాండ్ల పోస్టర్ చూసి ఎక్కడ ఫిర్యాదు చెయ్యాల్నో మీకు ఎవరన్న చెప్పిన్రా? ఆ పోస్టర్ మీద లాడ్జి పేరుంది, రూం నంబరుంది, ఫోన్ నంబరుంది. దొంగ తన అడ్రస్ తనే రాసిచ్చినా పట్టుకునేటోళ్లు లేరు.

అయితే ప్రకటనలు ఆపితే పని అయిపోతదని నేను అనుకోను. అసలు లోపం టెంటుల లేదు, మన సర్కారు దవాఖాన కౌంటర్ కాడుంది. అది అర్థం కావాలంటే ఒంట్ల ఏం జరుగుతదో జర చూడాలె.

మగోని అంగం గట్టివడాలంటే అందులకు రక్తం జోరుగ రావాలె, వచ్చిన రక్తం కొంచెంసేపు ఆగాలె. నరం సైగ జేస్తది, రక్తనాళం గోడలు వదులైతయి, రక్తం నిండుతది. గంతే. ఇందుల 'నరాల బలహీనత' అనే పోస్టర్ మాట కన్నా రక్తనాళం ముచ్చటే పెద్దది. ఆడికి పోయే నాళాలు సన్నగుంటయి, ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తం ఇచ్చే నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటయి. షుగర్, బీపీ, కొవ్వు, సిగరెట్ కలిసి ఒంట్లున్న నాళాలన్నిటినీ పాడుజేస్తయి. పెద్ద పైపు కన్నా సన్న పైపు ముందు మూసుకపోతది గద. అందుకే చానామంది మగోళ్లల్ల పడక కాడ ఇబ్బంది మొదలైన రెండేండ్లకో, మూడేండ్లకో, ఐదేండ్లకో గుండెనొప్పి వస్తున్నదని గుండె డాక్టర్లు గుర్తువట్టిన్రు. నలభై ఏండ్లు దాటిన మనిషికి కొత్తగ ఈ ఇబ్బంది షురూ అయిందంటే, అది గుండె ముందుగాల పంపిన చీటీ లెక్క. ఆ చీటీ పట్టుకొని మనోడు ఈసీజీకి పోతలేడు, లాడ్జికి పోతున్నడు.

ఇది ఎక్కడో ఒకరిద్దరి బాధ కూడా కాదు. అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల 40 నుంచి 70 ఏండ్ల మగోళ్లను అడిగి 1994ల ఒక సర్వే అచ్చేసిన్రు. అందుల 52 శాతం మందికి ఎంతో కొంత ఇబ్బంది ఉన్నట్టు తేలింది. షుగర్ ఉన్నోళ్లల్ల, లేనోళ్ల కన్నా ఇది ఎన్నో ఇంతలు ఎక్కువ. మన దేశం లెక్కకొస్తే, ఐసీఎంఆర్ వాళ్లు 2023ల బయటపెట్టిన సర్వేల షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల మంది దాటిన్రు, పెద్దోళ్లల్ల మూడోవంతు కన్నా ఎక్కువ మందికి బీపీ ఉన్నది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడుర్రి. టెంటు గిరాకీ ఎక్కడి నుంచి వస్తున్నదో వేరే చెప్పనక్కర లేదు.

ఇగ మన సర్కారు దవాఖానల ఏం నడుస్తున్నది? ముప్పై దాటినోళ్లందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నరు. గోళీలు ఫ్రీగ ఇస్తున్నరు. ఇది నిజంగ మంచి పని. నెలకోసారి వచ్చేటోళ్ల కార్డు మీద బీపీ ఎంత, షుగర్ ఎంత అని రాస్తరు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నయా, కండ్లు మసకగున్నయా అని అడుగుతరు. షుగర్‌తోని కండ్లు పోతయని, కిడ్నీలు పోతయని గోడ మీద బొమ్మలు కూడా పెట్టిన్రు. మొగని బాధ, ఆడిదాని బాధ మాత్రం ఆ బొమ్మల లేదు, ఆ కార్డుల లేదు.

ఒక ఏరియా దవాఖాన డాక్టర్‌ను ఇదే అడిగిన. "అన్నా, పొద్దున్నుంచి వందమందిని చూడాలె. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. వెనకాల లైన్ల ఉన్నోడు భుజం మీదికెళ్లి చూస్తుంటడు. నేనెట్ల అడగాలె, ఆయనెట్ల చెప్పాలె?" అన్నడు. తప్పువట్టలేను. అదే దవాఖాన బయట ఒక ఆటో నడిపే మనిషి తగిలిండు, 46 ఏండ్లుంటయి. బీపీ గోళీలు బంద్ పెట్టి మూడు నెలలైందంట. ఎందుకని అడిగితే అటూ ఇటూ చూసి, "ఆ గోళి మింగినప్పటి సంది ఇంట్ల పనికి రాకుంట అయితున్న సారూ" అన్నడు. డాక్టర్‌కు చెప్పినవా అంటే, "ఆడ మేడమ్ ఉంటది" అన్నడు.

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్న. అటెనోలాల్ లాంటి కొన్ని పాత బీపీ గోళీలు, ఒంట్ల నీళ్లు తీసే కొన్ని గోళీలు ఈ ఇబ్బంది తేవచ్చు. డిప్రెషన్ గోళీలల్ల కొన్నిటితోని కూడా వస్తది. కానీ అందుల కొంత భయం పని కూడా ఉంటది. ఇటలీ డాక్టర్లు 2003ల అచ్చేసిన ఒక పరిశోధనల, అటెనోలాల్ మింగుతున్నవని, దానితోని ఇట్ల అయితదని ముందే చెప్పినోళ్లల్ల ఇబ్బంది మస్తు ఎక్కువ కనిపించింది. గోళి పేరే చెప్పనోళ్లల్ల చానా తక్కువ. ఏది గోళి పనో, ఏది భయం పనో, ఏది బీపీ పనో తేల్చాల్సింది డాక్టర్. గోళి మార్చే తొవ్వ ఉంది. ఈ ఇబ్బంది తేని బీపీ మందులు ఉన్నయి. కానీ ఆటో డ్రైవర్ ఎవ్వరికీ చెప్పకుంట బంద్ పెట్టిండు. కార్డు మీద ఆయన 'మందులు తీసుకుంటున్నడు' లెక్కల్నే ఉన్నడు. రేపు పక్షవాతం వస్తే గోళి మింగక వచ్చిందంటరు గానీ, ఎందుకు మింగలేదో ఎవ్వరూ రాయరు.

మరి అసలు వైద్యం ఎట్లుంటది? గ్యారంటీ కోర్సు లెక్క ఉండదు. మంచి డాక్టర్ ముందుగాల మాటలే అడుగుతడు. ఎప్పటి సంది, ఒక్కసారిగ వచ్చిందా మెల్లగ వచ్చిందా, పొద్దుగాల నిద్రల గట్టివడుతున్నదా అని. నిద్రల మంచిగుండి పెండ్లాం కాడ మాత్రం కాకపోతే అది చానావరకు మనసు ముచ్చట, ఆందోళన ముచ్చట. రెండు చోట్లా లేకుంటే ఒంటి ముచ్చట ఉండొచ్చు. తర్వాత షుగర్, కొవ్వు, బీపీ చూస్తడు. అవసరమైతే పొద్దుగాల రక్తం తీసి టెస్టోస్టెరాన్ చూస్తడు, థైరాయిడ్ చూస్తడు. సిగరెట్, గుట్కా, మందు గురించి అడుగుతడు. మన దగ్గర ఇంకో ప్రశ్న కూడా అడగాలె, కల్లు గురించి. కల్తీ కల్లుల కలిపే అల్ప్రాజోలం నిద్రగోళి జాతిది. రోజూ అది ఒంట్లకు పోయేటోనికి కోరిక ఏడ ఉంటది?

గోళీల కథ చానామందికి సగమే తెలుసు. సిల్డెనాఫిల్‌ను గుండెనొప్పి మందు కోసం వెతుక్కుంట కనిపెట్టిన్రు. గుండెకు అంత పని చెయ్యలే గానీ, పరీక్షలకు వచ్చిన మగోళ్లు ఇంకో ఫలితం చెప్పిన్రు. 1998 మార్చిల అమెరికాల అనుమతి వచ్చింది. ఇది కోరిక పుట్టించే మందు కాదు, రక్తనాళం వదులుగ ఉండేటట్టు చేసే మందు. మనసుల లేకుంటే గోళి ఏం చెయ్యలేదు. డాక్టర్ చూసి రాసిస్తే చానామందికి మంచిగనే పనిచేస్తది. కానీ గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ జాతి గోళీలు వాడేటోళ్లు దీన్ని ముట్టొద్దు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారే కిందికి పడిపోయి పాణం మీదికొస్తది. గట్టివడినది నాలుగు గంటలైనా దిగకపోతే సిగ్గువడకుంట దవాఖానకు ఉరకాలె, లేకుంటే అంగం శాశ్వతంగ పాడైతది. మందులషాపుల పేరు చెప్పకుంట వేలు చూపిచ్చి కొనుక్కపోయేటోనికి ఈ మాటలు ఎవరు చెప్పాలె? మూలికల డబ్బాల కూడా ఇదే మందు చాటుగ కలుపుతున్నరని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఏండ్ల సంది హెచ్చరికలు ఇస్తనే ఉంది. "ఆయుర్వేదం కదా, ఏం కాదు" అనుకొని గుండె జబ్బోడు మింగితే ఏమైతదో ఆలోచించుర్రి.

గోళి పనిచెయ్యకపోతే పంపు ఉంది, ఇంజక్షన్ ఉంది, ఆఖరికి ఆపరేషన్ ఉంది. శీఘ్రస్ఖలనానికి వేరే గోళీలున్నయి, ఆపి ఆపి చేసే అభ్యాసం ఉంది. ఆ అభ్యాసం 1956ల అమెరికాల ఒక డాక్టర్ రాసింది, ఇప్పటికీ చెప్తున్నరు. పైసా ఖర్చు లేదు. జిమ్ముల చెప్పిన్రని టెస్టోస్టెరాన్ సూదులు పొడిపిచ్చుకునే పోరగాండ్లకు ఒక మాట. బయటికెళ్లి ఆ హార్మోన్ ఎక్కిస్తే ఒంట్ల వీర్యకణాలు తయారుచేసే పని ఆగిపోతది. మగతనం కోసం పోయి పిల్లలు కాక తిరుగుతున్నరు.

పోరగాండ్ల బాధ వేరే. ఇరవై ఏండ్లోనికి నాళాలు మూసుకపోవు. వానిది భయం. నిద్రల పోతున్నది, మూత్రంల ధాతువు పోతున్నది, చిన్నప్పటి అలవాటుతోని ఒళ్లు గుల్లయిందని నమ్ముతడు. వంద చుక్కల రక్తం ఒక్క చుక్క వీర్యమని ఎవరో చెప్పి ఉంటరు. మన దేశంల ఈ బాధ ఎంత ఉందంటే, 1960ల నరేంద్రనాథ్ విగ్ అనే మానసిక డాక్టర్ దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరే పెట్టిండు. వీర్యం పోవుడుతోని ఎవ్వరూ బలహీనం కారు. పోతదన్న దిగులుతోని మాత్రం నిద్ర పోతది, ఆకలి పోతది, పెండ్లంటే వణుకు పుడ్తది. తెలుగుల ఈ భయాలకు వారం వారం జవాబులు రాసిన డాక్టర్ సమరం పుణ్యాన స్వాతి వీక్లీ చదివిన తరానికి జర ధైర్యం వచ్చింది. ఇయ్యాల్టి పోరగానికి వీక్లీ లేదు. ఫోన్‌ల చూసే బొమ్మలే వానికి కొలత. ఆ కొలతకు తను తక్కువ పడ్డనని టెంటు కాడికి పోతడు.

ఇంతసేపు మగోళ్ల ముచ్చటే నడిచింది. గోడ మీది పోస్టర్లు కూడా మగోళ్లకే. ఆడోళ్ల బాధకు కనీసం దొంగ వైద్యుడు కూడా లేడు! షుగర్ ఆడోళ్ల నాళాలను, నరాలను కూడా పాడుజేస్తది. తడి తగ్గుతది, ఆడ ఇన్‌ఫెక్షన్లు మళ్లా మళ్లా వస్తయి, కలయిక అంటే మంటగ, నొప్పిగ ఉంటది. ఆమె వద్దంటది. ఆయన అనుమానపడ్తడు, లేకుంటే కొడ్తడు. ఇక ముట్లు ఆగినంక చానామందిల ఇదే. దాని మీద మన రెండు రాష్ట్రాలల్ల ఇంకో ఘోరం ఉంది. గర్భసంచి తీయించుకున్న ఆడోళ్లు దేశంల ఎక్కువున్న రాష్ట్రాలల్ల ఆంధ్ర, తెలంగాణ ముందున్నయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తనే ఉన్నయి. తెల్లబట్ట అయితున్నదని, కడుపుల నొస్తున్నదని పోతే ముప్పై ఐదేండ్లకే కోసిపడేస్తున్నరు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, హార్మోన్ ఒక్కసారే బంద్ అయి, యాభై ఏండ్లకు రావాల్సిన ముసలితనం రాత్రికి రాత్రే వస్తది. ఎముకలు గుల్లయితయి. సంసారం నొప్పయితది. ఆపరేషన్ ముందు ఈ ముచ్చట ఎంతమందికి చెప్పిన్రు? దీనికి మందు లేక కాదు. డాక్టర్ రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, తడికి వాడే జెల్ ఉంది. అడిగేటోళ్లు లేరు.

కొత్త పెండ్లికూతుర్లల్ల ఇంకో బాధ. భయంతోని ఆడ కండరాలు వాటంతటవే బిగుసుకపోతయి. ఆమె చేతుల లేని పని అది. మెల్లమెల్లగ అలవాటు చేసే వైద్యంతోని, మాటలతోని నయమయితది. కానీ మన దగ్గర అది డాక్టర్ కాడికి పోకముందే పెద్దమనుషుల కాడికి పోతది. "పిల్ల సంసారానికి ఒప్పుకుంటలేదు" అని ఒక పంచాది, "పిల్లగాడు పనికి రాడు" అని ఇంకో పంచాది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, నపుంసకత్వంతోని సంసారం జరగకుంటే పెండ్లి రద్దు కోరొచ్చు. ఆ హక్కు ఉండాల్సిందే. అయితే పరీక్ష చేయించకముందే వకీలు కాడికి పోతున్నరు, గదే బాధ.

కాబట్టి నా మాట ఇది. బీపీ, షుగర్ కార్డుల ఒక్క ప్రశ్న పెట్టుర్రి. ఆశమ్మలు మగోళ్లను ఎట్ల అడుగుతరంటరా? వాళ్లను అడగమంటలేను. మగోళ్ల కోసం ఐదు ప్రశ్నల ఫారం ఒకటి 1990ల ఆఖర్ల సంది ప్రపంచమంతట వాడుతున్నరు. నోరు తెరవనక్కర లేదు, అంకె మీద గీత కొడితే చాలు. మన భాషల, మన మాటల అచ్చేసి, కార్డుతోపాటు చేతికియ్యాలె. చదువు రానోనికి మగ నర్సు పక్క రూంల అడగాలె. ఆడోళ్లకు ఏఎన్ఎం అడగాలె, నొప్పి ఉందా, మంట ఉందా అని. అవును అన్నోళ్లకు షుగర్, కొవ్వు, గుండె పరీక్ష ముందు. ప్రైవేట్ల పోలేనోనికి పెద్ద ఖర్చు లేని మందులే ఇవన్నీ. సర్కారు కొనే లిస్టుల పెట్టొచ్చు.

అందాక ఈ బాధ ఉన్నోళ్లు ఎక్కడికి పోవాలంటే, మొదలు మామూలు ఫిజీషియన్ కాడికే పోవాలె, 'సెక్స్ స్పెషలిస్ట్' అన్న బోర్డు కాడికి కాదు. హైదరాబాద్‌ల ఉస్మానియా, గాంధీలల్ల యూరాలజీ డాక్టర్లున్నరు. మనసు ముచ్చటైతే ఎర్రగడ్డ ఉంది, ఆడికి పోతే పిచ్చోడంటరన్న భయం పక్కన పెట్టుర్రి. పుండ్లు, చీము, మంట లాంటి అంటువ్యాధి లక్షణాలుంటే పెద్ద సర్కారు దవాఖానలల్ల సురక్ష క్లినిక్‌లున్నయి. ఆడ వైద్యం ఫ్రీ, మీ ముచ్చట బయటికి పోదు. ఇంటామెను కూడా తోల్కపోవాలె. ఏ డాక్టర్ కాడికి పోయినా మీరు మింగుతున్న గోళీలన్నీ ఒక సంచిల ఏసుకొని పోవాలె, మూలికల డబ్బా సుత. ఆటో నడిపే అన్నకు కూడా గదే చెప్పిన. మేడమ్ ఉన్నా సరే, గోళి చూపిచ్చి "ఇది పడుతలేదు, మార్చుర్రి" అను చాలు, ఎందుకో ఆమెకు అర్థమైతది అన్న.